గర్భిణుల కటిశూల – చేతి వైద్యపు చరిత్ర

ఆరవ నెల దాటిన గర్భిణి రాత్రివేళ మంచముపై ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు తిరుగబోవును. నడుమునకు క్రిందుగా, పిరుదుల మీదుగా కత్తితో కోసినట్లు పోటు వచ్చును. మెట్టు ఎక్కుటకు కాలెత్తినప్పుడును, బస్సు దిగునప్పుడును, పీటమీదనుండి లేచునప్పుడును అదే పోటు. కొందరికి వెనుక కాక ముందర, పొత్తికడుపు అడుగున ఎముకలు కలియుచోట నొప్పి పుట్టును. "కడుపుతో ఉన్న మనిషికి ఆ మాత్రం నొప్పి ఉండదా అమ్మా" అని ఇంటిలోని పెద్దలందురు. కాన్పు అయిన పిమ్మట అదే పోవునని వైద్యులందురు. రెండు మాటలును చాలవరకు నిజములే. అయినను ఆ మాటల వలన ఆమెకు ఆ రాత్రి నిద్ర పట్టదు; మరునాడు నీళ్ల బిందె ఎత్తకను తప్పదు.

ఈ నొప్పి ఎక్కడిది? ఎముకలు నిజముగా కదలుచున్నవా? కదలినచో వానిని మనుష్యుని చేయి సరిచేయగలదా? ఈ ప్రశ్నలు రెండువేల సంవత్సరములకు పైబడిన ప్రశ్నలు. వీనికి సమాధానము చెప్పబూనినవారిలో శవములను కోసినవారు కలరు, గినీ పందులను పరీక్షించినవారు కలరు, మందులన్నిటిని విసర్జించి రెండు చేతులనే నమ్ముకొన్న ఒక అమెరికా వైద్యుడును కలడు. ఆయన స్థాపించిన ఆస్టియోపతీ అను వైద్యము ఈ విషయమున ఏమి సాధించినది, ఏమి సాధింపలేకపోయినది అను కథను ఇచ్చట చెప్పదలచినాము.

మొదట ఆ ఎముకల సంగతి. నడుమునకు క్రింద, తొడలకు పైన ఒక ఎముకల వలయము కలదు. దీనిని కటివలయమని పిలుతము. ఇరుప్రక్కల రెండు తుంటి ఎముకలు, వెనుక వెన్నెముక దిగువను ముక్కోణపు ఆకృతిగల త్రికాస్థి కలిసి ఈ వలయమేర్పడుచున్నది. త్రికమను పేరు మనకు క్రొత్తది కాదు. సుశ్రుతుడు శ్రోణియందలి ఎముకలు ఐదని లెక్కించి, వానిలో ఒకటి త్రికమును ఆశ్రయించియున్నదని చెప్పియున్నాడు. తుంటి ఎముకలు రెండును ముందర కలియు చోటు జఘనసంధి. వెనుక త్రికాస్థితో కలియు రెండు చోట్లు త్రికసంధులు. మోచేయి, మోకాలు వలె ఇవి ఆడు కీళ్లు కావు. గట్టి బంధనములతో బిగింపబడిన కీళ్లు. పై శరీరపు బరువంతయు ఈ వలయము మీదుగానే రెండు కాళ్లకు దిగవలెను. గర్భిణి విషయమున ఇదే వలయము నడుమనుండి బిడ్డ తల వెలికి రావలెను. బరువు మోయుటకు బిగువు కావలెను. బిడ్డకు దారి యిచ్చుటకు సడలింపు కావలెను. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

గ్రీకు దేశమున హిప్పొక్రటీసు సంప్రదాయపు వైద్యులు, తొలికాన్పులో ఈ ఎముకలు విడివడి, ఆ పిమ్మట అట్లే వెడల్పుగా నిలిచిపోవునని నమ్మిరి. ఐరోపాలో శవపరీక్షలు పెరిగిన కాలమున ఈ నమ్మకమునకు ఎదురు దెబ్బ తగిలినది. 1543లో శరీర నిర్మాణముపై మహాగ్రంథమును వెలువరించిన వెసాలియసు వంటివారు ఎముకలు కదలవనిరి. ఇంత గట్టి కట్టు ఎట్లు వీడునని వారి వాదము. ఆంబ్రువాజ్ పారే అను ప్రఖ్యాత ఫ్రెంచి శస్త్రవైద్యుడును మొదట అదే పక్షమున నుండెను. ఆ శతాబ్ది ఉత్తరార్ధమున పారిసులో ఒక స్త్రీకి ఉరిశిక్ష పడినది. ఆమె ప్రసవించి కొద్ది దినములే అయినది. సెవరిన్ పినో అను శస్త్రవైద్యుడు ఆ శవమును కోసి, ముందరి ఎముకలు ఎడమైయుండుటను కన్నులార చూపించెను. పారే తన అభిప్రాయమును మార్చుకొనెను. తాను పొరబడితినని వ్రాసికొనుటకు ఆయన వెనుదీయలేదు. అంతటి కీర్తిమంతునకు అది చిన్న పని కాదు. ఆ స్త్రీ పేరు మాత్రము ఎచ్చటను కానరాదు. బ్రతికియుండగా నడుము నొప్పియని ఆమె చెప్పినదో లేదో ఎవరును అడిగినట్లు లేదు.

ఎముకలు కొంత విడివడునని తేలిన పిమ్మట, మనమే వానిని విడదీసిన నేమి అను ఆలోచన పుట్టెను. రికెట్సు వ్యాధి వలన కటివలయము ఇరుకైన స్త్రీలు కాన్పు కష్టమై చనిపోవుచుండిరి. ఆ కాలమున కడుపు కోసి బిడ్డను తీయుట అనగా తల్లికి చాలవరకు మరణమే. 1777 అక్టోబరు 1వ తేదీన పారిసులో జాఁ రెనే సిగో అను వైద్యుడు, ఒక సైనికుని భార్యయైన సూషో అను స్త్రీకి జఘనసంధిని కత్తితో కోసి వలయమును తెరచి కాన్పు చేసెను. ఆమెకు అంతకు ముందు నాలుగు కాన్పులలో బిడ్డలు దక్కలేదు. ఈసారి బిడ్డ దక్కెను, తల్లియు బ్రతికెను. పారిసు వైద్య విద్యాపీఠము సిగో పేర పతకము ముద్రించెను. అయితే మూత్రాశయమునకు తగిలిన గాయము ఆమెను తరువాత విడువలేదు. బోదలోక్ వంటి ప్రసూతి వైద్యులు ఈ శస్త్రచికిత్సను తీవ్రముగా ఖండించిరి. కడుపు కోత క్షేమకరమైన తరువాత ఇది చాల దేశములలో అంతరించినది. ఐర్లండులో మాత్రము 1940ల మొదలు 1980ల వరకు సుమారు 1,500 మంది స్త్రీలకు చేసిరి. పెక్కుమందికి తమకేమి చేయుచున్నారో చెప్పనే లేదు. నడక చెడి, నొప్పితో వృద్ధులైన ఆ స్త్రీలకు 2014లో గాని ఆ దేశ ప్రభుత్వము పరిహార పథకమును ప్రకటింపలేదు.

కాన్పు మాట అటుంచి, గర్భిణి పడు నొప్పి మాట ఎవరెత్తిరి? 1870లో స్నెల్లింగ్ అను అమెరికా వైద్యుడు ఈ సంధుల సడలింపును గూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. ఈ బాధ కొందరికి కాన్పు వెంటనే హఠాత్తుగాను, కొందరికి గర్భకాలమున మెల్లమెల్లగాను వచ్చుననియు, ఎముకలు కదలునట్లు తోచి నడక కుంటుపడుననియు, ఆ అనుభవము రోగిని భయపెట్టుననియు ఆయన వర్ణించెను. వర్ణన చక్కనిదే. నేటి పరిశోధకులును దానిని స్మరింతురు. కాని చికిత్స మాట వచ్చునప్పటికి పడక, నడుము కట్టు తప్ప వేరేమియు ఆయన కాలమున లేకుండెను.

సరిగా ఆ సంవత్సరములలోనే అమెరికా పశ్చిమ సీమలో ఆండ్రూ టైలర్ స్టిల్ అను వైద్యుడు తన వృత్తిపై విశ్వాసమును కోల్పోవుచుండెను. ఆయన 1828లో వర్జీనియాలో జన్మించెను. తండ్రి మెథడిస్టు మత బోధకుడు, వైద్యుడు కూడ. కుమారుడు తండ్రి వెంటనే తిరిగి వైద్యము నేర్చి, కాన్సాసులో వృత్తి సాగించి, అంతర్యుద్ధమున ఉత్తర పక్షమున పనిచేసెను. 1859లో మొదటి భార్య కాన్పు అనంతరము మరణించెను. 1864లో మెదడు పొరల వాపు జ్వరము వచ్చి కొద్దిదినముల వ్యవధిలో ముగ్గురు పిల్లలు పోయిరి. ఇంటికి వచ్చిన వైద్యులు తమకు తెలిసినదంతయు చేసిరి. వారికి తెలిసినది పాదరసపు మందులు, నల్లమందు, సారాయి. ఇన్ని మందులుండియు ఒక్క బిడ్డను దక్కించుకొనలేని విద్య విద్యయేనా అని ఆయన మనసు విరిగెను.

ఆయన ఎముకలను చదువ మొదలిడెను. పుస్తకములలో కాదు, కాన్సాసులోని ఆదివాసుల సమాధులను త్రవ్వి, అస్థిపంజరములను తీసి, కన్నులు మూసికొని చేతితో తడవి ఏ ఎముక ఏదో గుర్తించునంతగా సాధన చేసెను. తన ఆత్మకథలో ఆయనయే ఈ సంగతి దాచక చెప్పినాడు. ఆ మృతుల బంధువుల అనుమతి అడిగినట్లు మాత్రము లేదు. పారిసులో ఉరిపడిన స్త్రీ వలెనే వీరును వైద్యశాస్త్రమునకు పేరులేని గురువులు. అదే ఆత్మకథలో బాల్యమునాటి ముచ్చట యొకటి యున్నది. పదేండ్ల వయసున తలనొప్పి వచ్చి, రెండు చెట్ల నడుమ కట్టిన ఊయల త్రాటిని నేలకు జానెడెత్తుకు దించి, దానిపై మెడ ఆనించి పడుకొనగా నొప్పి తగ్గి నిద్ర పట్టెనట. మహాపురుషుల బాల్యకథలను మేము కొంచెము జాగ్రత్తగానే వినుచుందుము గాని, ఈ కథలో మనకు కనబడునది ఒక స్వభావము: మందు కొరకు వెదకక, శరీరమును ఎట్లు ఆనించిన బాధ తగ్గునో చూచుట.

1874 జూను 22వ తేదీన తన క్రొత్త సిద్ధాంతమును లోకమునకు చాటితినని స్టిల్ చెప్పుకొనెను. సిద్ధాంతమిది: శరీరము తన్ను తానే బాగుచేసికొనగలదు, రక్తము అడ్డులేక పారవలెను, ఎముక గాని కీలు గాని స్థానము తప్పినచో నాళములును నరములును నొక్కుడుపడి వ్యాధి పుట్టును, వైద్యుని పని ఆ అడ్డును చేతితో తొలగించుట. కాన్సాసులోని బాల్డ్విన్ పట్టణ విద్యాలయము ఆయనకు ప్రసంగించుటకు తావీయలేదు. ఆయన మిస్సోరీలోని కిర్క్స్‌విల్ అను చిన్న ఊరు చేరి, ఊరూర తిరిగి చేతి వైద్యము చేసెను. క్రమముగా రోగులు రైళ్లపై రాదొడగిరి. 1892లో ఆ ఊరిలోనే విద్యాలయము వెలసెను. ఎముకయను అర్థమిచ్చు గ్రీకు పదమును ముందుంచి తన వైద్యమునకు ఆయన ఆస్టియోపతీ యని పేరు పెట్టియుండెను. తొలి తరగతిలోనే స్త్రీలకును ప్రవేశమిచ్చెను. నాటి వైద్య కళాశాలలు పెక్కు స్త్రీలకు తలుపులు మూసియుండిన కాలమున ఇది గుర్తుంచుకొనదగిన విషయము. స్త్రీల బాధలను, ప్రసూతిని ఆ విద్యాలయము మొదటినుండి పాఠ్యములలో చేర్చెను.

గర్భిణి విషయమున ఈ సిద్ధాంతము ఏమి చెప్పును? గర్భము పెరుగుకొలది కడుపు బరువు ముందునకు లాగును, నడుము వంపు హెచ్చును, కటివలయపు కీళ్లు సడలును. అప్పుడు త్రికసంధి ఒక ప్రక్కకు జారి బిగిసిపోవచ్చును. దానిని తిరిగి స్థానమునకు తెచ్చి, చుట్టునున్న కండరములను సడలించినచో నొప్పి తగ్గును, కాన్పు సులభమగును. ఈ మాటలలో మొదటి సగము నేటికిని నిలిచియున్నది. కీలు జారును, దానిని తెచ్చి కూర్చుండబెట్టుదుము అను రెండవ సగమే తరువాత పరీక్షకు నిలువలేదు. ఆ సంగతికి ముందు ముందు వత్తుము.

వైద్యులు ఈ క్రొత్తవారిని ఆదరింపలేదు. 1910లో అమెరికా వైద్య కళాశాలలను పరిశీలించిన ఫ్లెక్సనర్ ఆస్టియోపతీ విద్యాలయములను గూర్చి కఠినముగా వ్రాసెను. అప్పటికే 1896లో వెర్మాంటు, 1897లో మిస్సోరీ రాష్ట్రములు ఆ వృత్తికి చట్టబద్ధత నిచ్చియుండెను. స్టిల్ 1917లో మరణించునప్పటికి ఆయన శిష్యులు క్రమముగా మందులను, శస్త్రచికిత్సను తమ పాఠములలో చేర్చుకొనుచుండిరి. గురువు ఏవగించిన వస్తువులే అవి. 1962లో కాలిఫోర్నియాలో వింత యొకటి జరిగినది. సుమారు రెండువేల మంది ఆస్టియోపతీ వైద్యులు 65 డాలర్ల రుసుము చెల్లించి సాధారణ వైద్య పట్టము పుచ్చుకొనిరి. నేడు అమెరికాలో ఆ వృత్తివారు లక్షకు పైబడియున్నారు. వారు పూర్తి వైద్యులే. చేతి చికిత్సను నిత్యము చేయువారు వారిలో కొలదిమందియే. బ్రిటనులో చరిత్ర వేరుగా నడచినది. 1917లో లండనులో లిటిల్‌జాన్ స్థాపించిన పాఠశాలతో మొదలై, 1993 చట్టముతో ఆస్టియోపతులు ప్రభుత్వ గుర్తింపు పొందిరి. వారు మందులు వ్రాయువారు కారు. చేతితో మాత్రమే చికిత్స చేయుదురు. ఒకే పేరుగల ఈ రెండు వృత్తులను కలగలిపి మాట్లాడుట వలన చాల పొరపాట్లు పుట్టుచున్నవి.

చేతి వైద్యులు ఇట్లుండగా, ఎముకలు ఏల సడలును అను ప్రశ్నకు ఒక జంతుశాస్త్రజ్ఞుడు దారి చూపెను. ఫ్రెడరిక్ హిసా అను ఆయన అమెరికా పొలములలో బొరియలు త్రవ్వు గోఫరు అను జంతువును పరిశీలించుచుండెను. ఇరుకు బొరియలో దూరుటకు దాని తుంటి సన్నగా నుండవలెను. మరి పిల్లలు ఎట్లు బయటపడును? ఆడదానికి ఈడు వచ్చునప్పటికి ముందరి ఎముకల కూడలి కరగిపోవునని ఆయన కనుగొనెను. ఆ పిమ్మట 1926లో, గర్భముతోనున్న జంతువుల రక్తరసమును గర్భము లేని గినీ పందులకు ఎక్కించగా వాని కటి బంధనములు సడలినవి. దీనికి కారణమైన హార్మోనునకు రిలాక్సిన్ అని పేరు వచ్చెను. అంతటితో చిక్కు వీడినదని అందరు తలచిరి: రిలాక్సిన్ హెచ్చిన సడలింపు హెచ్చును, సడలింపు హెచ్చిన నొప్పి హెచ్చును. ఎంత చక్కని లెక్క! అయితే మానవ స్త్రీలలో ఈ హార్మోను గర్భము మొదటి మూడు నెలలలో ఉచ్చదశకు చేరి పిమ్మట తగ్గును. నొప్పియో, చివరి నెలలలో హెచ్చు. 1986లో రిలాక్సిన్‌కును నొప్పికిని సంబంధము కలదని ఒక పరిశోధన చెప్పగా, 1990లలో వచ్చినవి కొన్ని అట్టి సంబంధము కనబడలేదనెను.

ఎక్సురే వచ్చిన పిమ్మట సందును మిల్లీమీటర్లలో కొలిచిరి. సాధారణముగా జఘనసంధియందు 4, 5 మిల్లీమీటర్ల యెడముండును. గర్భకాలమున మరి 2, 3 మిల్లీమీటర్లు హెచ్చును. పది దాటినచో కీలు విడిపోయినదని భావింతురు. ఇక్కడను అదే వింత. ఎడము హెచ్చుగానున్న కొందరికి నొప్పి లేదు. ఎడము స్వల్పమైన కొందరు మంచము దిగలేరు. చిత్రమును చూచి, "మీ ఎముకలు బాగుగనే యున్నవి, మీకు నొప్పి ఉండరాదు" అని చెప్పించుకొన్న స్త్రీ ఏమి చేయవలెను?

మధ్యలో మరియొక మలుపు. 1905లో బోస్టను వైద్యులు గోల్డ్‌త్వైట్, ఆస్‌గుడ్ అను వారు నడుము నొప్పులకు త్రికసంధులే ముఖ్య కారణమని వ్రాయగా, మూడు దశాబ్దములు సర్జనుల దృష్టి అటే యుండెను. 1934లో అదే నగరమున మిక్స్‌టర్, బార్ అను వారు వెన్నుపూసల నడుమనుండు మెత్తని బిళ్ల జారి నరమును నొక్కుటను నిరూపించిరి. అంతట అందరి చూపు వెన్నెముక వైపు మరలెను. త్రికసంధి మాట ఎత్తువాడు పాతకాలపు వాడయ్యెను. గర్భిణి నొప్పి అటు వెన్నునొప్పిలోను కలియక, ఇటు ప్రసూతి వైద్యములోను చేరక అనాథయయ్యెను. ఆస్టియోపతీ వారి బల్లపైనే దానికి కొంత చోటు దొరకినదని చెప్పవలెను.

దానిని తిరిగి పెద్ద వైద్యమునకు తెచ్చినది స్వీడను, నార్వే మొదలగు ఉత్తర దేశములు. ఆ దేశములలో ఉద్యోగినులైన గర్భిణులకు జీతముతో సెలవు కలదు. వేలకొలది స్త్రీలు నడుము నొప్పితో సెలవు పెట్టుచుండగా ఆ నొప్పి ప్రభుత్వ ఖాతాలలో అంకెయయ్యెను. అంకెయైన పిమ్మట శాస్త్రమునకు కన్నులు తెరచుకొనెనని మా అభిప్రాయము; కొంచెము కటువుగా తోచినను మన్నింతురు గాక. 1990లలో గోతెన్‌బర్గునందు ఓస్ట్‌గార్డు మొదలగువారు నడుము నొప్పి వేరు, కటివలయపు నొప్పి వేరు అని పరీక్షల ద్వారా విడదీసిరి. ఒకదానికి మేలుచేయు వ్యాయామము రెండవదానికి కీడు చేయవచ్చును. 2008లో ఐరోపా నిపుణులు కూడి మార్గసూచికలు ప్రకటించి, గర్భిణులలో నూటికి ఇరువదిమంది ఈ నొప్పి పడుచున్నారని తేల్చిరి.

స్వీడనునుండియే ఆస్టియోపతీ సిద్ధాంతమునకు గట్టి దెబ్బ తగిలెను. ఎముకలలో అతిసూక్ష్మమైన లోహపు గుండ్లను పొదిగి, ఎక్సురేతో కదలికను కొలుచు పద్ధతి నొకదానిని అచ్చటివారు వాడిరి. త్రికసంధి కదలిక మొత్తము రెండు మూడు డిగ్రీలకు మించదని 1989లో తేలినది. 1998లో టుల్‌బర్గు అను వైద్యుడును ఆయన సహచరులును పదిమంది రోగులకు చేతి చికిత్స చేయించి, ముందును వెనుకను కొలిచిరి. చికిత్స చేసినవారు కీలు సర్దుకొన్నదని చేతితో తడవి చెప్పిరి. కొలత చూడగా ఎముక యున్నచోటనే యున్నది! అనగా, జారిన ఎముకను స్థానమునకు తెచ్చుట అను మాట నిలువదు. మరి రోగికి కలిగిన ఉపశమనము? అది అబద్ధమనుటకు వీలులేదు. కారణము వేరై యుండవలెను.

ఆ ఉపశమనమును తూచు పని ఇరువదియొకటవ శతాబ్దిలో జరిగినది. 2003లో నాలుగు నగరములలో గర్భకాలమున చేతి చికిత్స పొందిన 160 మంది, పొందని 161 మంది స్త్రీల వైద్య పత్రములను పోల్చి, పొందినవారి కాన్పులలో చిక్కులు తక్కువయని వ్రాసిరి. అది గడచిన పత్రముల లెక్క; నమ్మదగిన పరీక్ష కావలెనన్నచో ఎవరికి ఏ చికిత్సయో చీటి వేసి నిర్ణయింపవలెను. టెక్సాసులోని ఫోర్ట్‌వర్తు ఆస్టియోపతీ కళాశాలవారు ఆ పని చేసిరి. 2010లో ప్రకటించిన పరీక్షలో 144 మంది గర్భిణులు మూడు జట్లు. ఒక జట్టుకు మామూలు ప్రసూతి సంరక్షణతో పాటు చేతి చికిత్స. రెండవ జట్టుకు అల్ట్రాసౌండు యంత్రముతో ఉత్తుత్తి చికిత్స. మూడవ జట్టుకు మామూలు సంరక్షణ మాత్రమే. చేతి చికిత్స పొందినవారికి నొప్పి కొంత తగ్గెను, ఉత్తుత్తి చికిత్సవారికి ఉన్నట్లే యుండెను, మూడవవారికి హెచ్చెను. కాని నొప్పి విషయమున ఈ తేడాలు నిశ్చయముగా చెప్పదగినంత పెద్దవి కావు. నడుము వంచి పనులు చేసికొనగల శక్తి మాత్రము చేతి చికిత్స జట్టులో తక్కువగా క్షీణించెను.

ఇంకను పెద్ద పరీక్ష 400 మందితో జరిగి, ఫలితము 2015లో వెలువడినది. ఈసారి సమాధానము స్పష్టము. మామూలు సంరక్షణ మాత్రమే పొందినవారికంటె చేతి చికిత్స పొందినవారికి నొప్పియు, పనిచేయలేని కష్టమును తక్కువ. అయితే ఉత్తుత్తి యంత్రము వారికిని అట్లే తక్కువ! ఈ రెండు జట్లకు తేడా కనబడలేదు. ఆ ఉత్తుత్తి చికిత్సలో యంత్రమునుండి ఏ తరంగమును రాదు. కాని ఒక వైద్యుడు ఆమె ప్రక్కన కూర్చుండి, అంతే సమయము, అవే చోట్ల యంత్రపు మొనను మెల్లగా త్రిప్పుచుండెను. చేతి చికిత్స వలన గర్భమునకు ప్రమాదము హెచ్చలేదనియు ఆ పరిశోధకులు చూపిరి. తమ వృత్తికి పూర్తిగా అనుకూలింపని ఫలితమును ఆస్టియోపతీ కళాశాలవారే దాచక ప్రకటించుట మాకు మెచ్చదగినదిగా తోచినది. పారే చేసిన పని వంటిదే ఇదియు.

దీనిని చూచి చేతి వైద్యము బూటకమని ఒకరు, చూడుడు నొప్పి తగ్గినది గదా యని మరియొకరు వాదింతురు. మా మట్టుకు మేము మూడవ జట్టును తలచుకొందుము. నెలనెల పరీక్షకు వచ్చి, బరువు తూపించుకొని, నొప్పి సంగతి చెప్పి, "మామూలే" అను మాట విని ఇంటికి పోయినవారు వారు. వారికే నొప్పి ఎక్కువగా నిలిచెను.

ఇతర చికిత్సల మాట క్లుప్తముగా చెప్పుదుము. 2005లో గోతెన్‌బర్గునందు 386 మంది గర్భిణులపై జరిగిన పరీక్షలో, కటివలయమును బిగించి పట్టు కండరములకు చేయించు వ్యాయామమును, చైనా సూదుల చికిత్సయు మామూలు చికిత్సకంటె మేలనిపించుకొన్నవి. 2015లో కాక్రేన్ సంస్థవారు 34 పరిశోధనలను, 5,121 మంది స్త్రీల అనుభవమును కలిపి చూచి, వ్యాయామము, సూదులు, చేతి చికిత్స కొంత మేలు చేయవచ్చునని, సాక్ష్యము మాత్రము ఇంకను బలహీనమని వ్రాసిరి. తుంటి చుట్టు కట్టు పట్టీ కొందరికి హాయినిచ్చును. మన పల్లెలలో బాలెంతరాలికి పాత చీరతో నడుము బిగించి కట్టు ఆచారము కలదు గదా. అది కడుపు మీద పడును. ఈ పట్టీ మరికొంత దిగువను, తుంటి ఎముకల మీదుగా పట్టవలెను. పక్కమీద తిరుగునప్పుడు మోకాళ్లు రెండును కలిపి తిరుగుట, కూర్చుండి బట్టలు కట్టుకొనుట, ఒంటి చంకన బరువు మోయకుండుట వలన పోటు తగ్గును. జ్వరము గాని, రక్తస్రావము గాని, కాళ్లలో తిమ్మిరి గాని, మూత్రము పట్టుదప్పుట గాని తోడైనచో అది ఈ నొప్పి కాదు. జాగు చేయక ఆస్పత్రికి పోవలెను.

నేడు ఈ నొప్పిని గుర్తించుటకు వాడు పరీక్షలలో ఒకటి హాలెండు దేశపు వైద్యుడు మెన్స్, ఆయన తోడివారు 1990ల చివర ప్రచారమునకు తెచ్చినది. దానికి ఎక్సురే అక్కరలేదు, రక్తము తీయనక్కరలేదు. స్త్రీ వెల్లకిల పరుండి, మోకాలు వంచక ఒక కాలిని బల్లనుండి 20 సెంటీమీటర్లు పైకెత్తును; పిమ్మట రెండవ కాలిని ఎత్తును. ఎంత కష్టముగా నున్నదో ఆమెనే అడుగుదురు. ఏ కష్టమును లేనిచో సున్న, ఎత్తనే లేకపోయినచో ఐదు. రెండు కాళ్లకును ఆమె చెప్పిన అంకెలను కూడి కాగితముపై వ్రాసికొందురు.